చుట్టండి... బిగించకండి!

వేసవిలో మా ఆస్పత్రికి ఇలాంటి పసికందులు తరచూ వస్తుంటారు. పుట్టి వారం కూడా అయి ఉండదు. ఒంటి చుట్టూ మందపాటి టర్కీ తువ్వాలు, దానిపైన దుప్పటి, తలకు ఉన్ని టోపీ. ‘‘ఒళ్లు కాలిపోతోంది డాక్టరుగారూ, పాలు కూడా సరిగా తాగడం లేదు’’ అంటూ అమ్మమ్మ కంగారు పడుతుంటుంది. బయటేమో 42 డిగ్రీల ఎండ! గుడ్డలు విప్పి, తల్లిపాలు పట్టించి, కాసేపాగి చూస్తే కొందరిలో వేడి మామూలుకు వచ్చేస్తుంది. కొందరిలో రాదు. అది గుడ్డల వేడా, ఇన్‌ఫెక్షనా అన్నది తేలేదాకా అంత చిన్న బిడ్డను వార్డులో ఉంచి రక్తపరీక్షలు చేయాల్సి వస్తుంది.

అలాగని పొత్తిళ్లలో చుట్టడమే తప్పని నేను అనను. కడుపులో ముడుచుకుని పెరిగిన బిడ్డ బయటికొచ్చాక చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి చేతులు చాచి ఏడుస్తుంది. మెత్తగా చుడితే ఆ ఉలికిపాటు తగ్గి నిద్రపోతుంది. ఇది మన పెద్దవాళ్లకు తెలిసిన విద్యే. ఇబ్బందల్లా బిగించి చుట్టడం, మందంగా చుట్టడం, మానాల్సిన వయసు దాటినా మానకపోవడంతోనే.

ఇందులో మా ఆస్పత్రుల తప్పూ ఉంది. పుట్టిన వెంటనే బిడ్డ ఒంటి వేడి త్వరగా పడిపోతుంది కాబట్టి తుడిచి, చుట్టి, టోపీ పెట్టి ఇస్తాం. ఆ అవసరం ఎందుకో, ఎప్పటిదాకానో చెప్పం. ఆస్పత్రిలో చూసిందే సరైన పద్ధతనుకుని మీరు మే నెలలోనూ ఇంట్లో అదే కొనసాగిస్తారు. ఇంటికి పంపేముందు తల్లికీ, వెంట ఉన్న పెద్దావిడకూ నర్సు ఒకసారి చుట్టి చూపించాలి. చూపించకపోతే మీరే అడగండి.

ఉతికిన పలుచని నూలు గుడ్డ ఒక్కటి చాలు. అంచు భుజాల దగ్గరే ఆగాలి. మెడ మీదికి, ముఖం మీదికి రాకూడదు. ఛాతీకి, గుడ్డకు మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. నడుం నుంచి కింది భాగాన్ని వదులుగా ఉంచండి. కాళ్లు కప్పలా మడిచి, పక్కలకు ఆడించగలగాలి.

‘కాళ్లు వంకర పోతాయి, చాచి కట్టాలి’ అన్న మాట చాలా ఇళ్లలో వింటుంటాం. నిజానికి నవజాత శిశువు కాళ్లు ముడుచుకునే ఉంటాయి. బలవంతంగా చాచి కడితే ఇంకా గట్టిపడని తుంటి కీలు గూటిలోంచి జారే ప్రమాదం ఉంది. జపాన్‌లో 1975లో పసివాళ్ల కాళ్లు చాచి కట్టొద్దని దేశవ్యాప్తంగా ప్రచారం మొదలుపెట్టారు. అంతకుముందు నూటికి ఒకరికి మించి కనిపించిన ఈ సమస్య, ఆ తర్వాత వెయ్యికి ఇద్దరి కన్నా తక్కువకు పడిపోయింది.

చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి. బోర్లా, పక్కకు వద్దు. ముఖానికి గుడ్డ అడ్డొస్తే తోసేయడానికి చేతులు కట్టేసి ఉన్నాయన్నది మరవొద్దు. సమంగా ఉన్న గట్టి పరుపు చాలు. ఆవాల దిండు, బొంతలు, బొమ్మలు పక్కన ఉంచొద్దు. చుట్టిన బిడ్డను చీర ఉయ్యాలలో వేసి పనుల్లో పడొద్దు. బోర్లా పడుకోవడం, ఒళ్లు వేడెక్కడం నిద్రలో హఠాత్తుగా శిశుమరణాలు సంభవించే ముప్పును పెంచుతాయి.

వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పొట్టను, పాదాలను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తోందని అర్థం. మెడ వెనక చెమట పడితే గుడ్డలు ఎక్కువయ్యాయని గుర్తు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు వేసవిలో ఇంట్లో టోపీ అక్కర్లేదు. ఫ్యాను నేరుగా ముఖానికి తగలకుండా వేసుకోవచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయం వేరు. వారికి పొత్తిళ్ల కన్నా తల్లి ఛాతీకి ఒళ్లు ఆనేలా హత్తుకునే కంగారూ పద్ధతి మేలు.

హాయిగా చుట్టిన బిడ్డ ఆకలి మరచి నిద్రపోవచ్చు కూడా. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు అందుతున్నాయో లేదో గమనించండి. పాలు పట్టేటప్పుడు గుడ్డ విప్పేయండి.

బోర్లా పడితే బొబ్బట్లు పంచడం మన ఆనవాయితీ. కానీ పొత్తిళ్లు మానడానికి ఆ బొబ్బట్ల రోజు దాకా ఆగొద్దు. బిడ్డ ఒక పక్కకు ఒరగడానికి ప్రయత్నించిన రోజే మానేయాలి. కొందరిలో ఇది మూడో నెలకే మొదలవుతుంది.

బిడ్డ పాలు తాగకపోయినా, విప్పాక కూడా చంకలో ఉష్ణోగ్రత 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, ఒళ్లు చల్లబడి మందకొడిగా ఉన్నా, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

పురిటింట్లో కొత్తగా తల్లయిన అమ్మాయి మాట చెల్లడం కష్టమని నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు ముక్కలూ ముందు అమ్మమ్మకో, నానమ్మకో చదివి వినిపించండి. ఆ చేతులకు చుట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు, కాస్త వదులు చేయమని చెబితే చాలు.