బతికున్న లాప్‌టాప్‌కి పాడె

విండోస్ 10 పేరు చెప్పి సాగుతున్న అమ్మకాలు చూస్తుంటే ఒళ్లు మండుతోంది. కంప్యూటర్ షాపుకి వెళ్లి ‘హ్యాంగవుతోందండీ’ అంటే చాలు, కౌంటరు వెనకున్న కుర్రాడు మూత కూడా తెరవకుండానే తీర్పు చెప్పేస్తున్నాడు. ‘విండోస్ 10 ఆపేశారు సార్, ఇక ఇది పనికిరాదు. ఎక్స్ఛేంజ్‌లో పెట్టేయండి.’ నెలవాయిదాల కాగితం అప్పటికే బల్ల మీద సిద్ధం. ఎదురుగా నిలబడ్డది ఏ స్కూలు టీచరో, డిగ్రీ చదివే అమ్మాయి తండ్రో. ఎక్సెల్ షీటు, జూమ్ క్లాసు, యూట్యూబ్, అప్పుడప్పుడో ఆన్‌లైన్ దరఖాస్తు. ఇంతకుమించి ఆ లాప్‌టాప్‌తో వాళ్లకి పని లేదు. ఈమాత్రం దానికి నలభై, యాభై వేలు!

అసలు ఆగిపోయింది ఏమిటి? 2025 అక్టోబరు 14 తర్వాత విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు రావు. అంతే. ఆ మర్నాడు కూడా కోట్లాది మిషన్లు ఎప్పట్లాగే ఆన్ అయ్యాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్టే ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే పైసా అక్కర్లేదు. ఈ సంగతి చెప్పే షాపు ఎక్కడుందో వెతకాలి. కంపెనీ మాత్రం తక్కువ తిందా? 2024 నవంబరులోనే విండోస్ 10 వాడేవాళ్ల తెరల నిండా కొత్త కంప్యూటర్ కొనుక్కోమంటూ ప్రకటనలు పరిచింది.

విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నది షరతు. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చింది 2017 ఆగస్టులో. అంటే ఆ ఏడాది సంక్రాంతికి ముచ్చటపడి కొనుక్కున్న ఐ7 లాప్‌టాప్, 2021లో విండోస్ 11 వచ్చేసరికే అనర్హమైపోయింది. ఏడో తరం లాప్‌టాప్ చిప్పుల్లో ఒక్కదానికి, 7820హెచ్‌క్యూకి, మాత్రం మినహాయింపు దొరికింది. ఆ చిప్పుతో మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2 కంప్యూటర్ నడుస్తుంది మరి! విండోస్ 10 ఆగడం వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పల పాలవ్వచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే లెక్కేసింది. ఒక లాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో సింహభాగం దాని తయారీలోనే అయిపోతుంది. ఇంట్లో వాడే కరెంటు వాటా తక్కువే.

ఏడెనిమిదేళ్ల లాప్‌టాప్ నెమ్మదించిందంటే చాలాసార్లు దొంగ ఒక్కడే, హార్డ్ డిస్క్. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ పది, పదిహేను శాతం దగ్గర కాళ్లు చాపుకుని ఉంటుంది. డిస్క్ గడిలో మాత్రం ఎర్రగా నూటికి నూరు. నిమిషానికి 5400 సార్లు తిరిగే ఆ పళ్లెం సెకనుకి వంద మెగాబైట్లు తెస్తే గొప్ప. చిన్నచిన్న ఫైళ్లు వెతుక్కోవాల్సి వస్తే ఒకటి, రెండు మెగాబైట్లకి పడిపోతుంది. అదే చోట మామూలు సాటా ఎస్ఎస్‌డీ వేయిస్తే ఐదు వందల దాకా వస్తుంది. ఆన్ అవడానికి రెండు మూడు నిమిషాలు నీలిగిన మిషన్ అర నిమిషంలోపే లేచి కూర్చుంటుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఈ పని పక్కన నిలబడి చూడాలి. మెకానిక్ లాప్‌టాప్‌ని బోర్లా పెట్టి, అడుగునున్న పది, పన్నెండు స్క్రూలూ విప్పి, ఏది ఏ రంధ్రంలోదో కలిసిపోకుండా వరసగా పెట్టుకుంటాడు. సన్నటి ప్లాస్టిక్ ముక్కతో అంచు లేపితే టకటకమంటూ అడుగుభాగం ఊడొస్తుంది. ఫ్యాన్ మూలల్లో దుమ్ము గడ్డకట్టి ఉంటుంది. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయి సున్నపు పెచ్చులా రాలుతుంది. అది గీకేసి, కొత్త పేస్టు రాసి, దుమ్ము ఊది, ఎస్ఎస్‌డీ బిగించి, పాత హార్డ్ డిస్క్‌ని కేసింగ్‌లో పెట్టి చేతికిచ్చేస్తాడు, బ్యాకప్‌కి పనికొస్తుందని. ఆ పూటకే పని పూర్తి. ఈ పని తెలిసినవాడి సంపాదన మూత తెరవకుండా తీర్పు చెప్పేవాడి కమిషన్ కన్నా ఎప్పుడూ తక్కువే, అది వేరే ఏడుపు.

అన్నీ బాగుచేయించాల్సినవే అని కాదు. 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించేసి, అదనపు స్లాట్ లేనిదాన్ని ఏమీ చేయలేం. మదర్‌బోర్డు పోయినా, వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పని మీద పడినా కొత్తదే దిక్కు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం ఆ రోజే వాడటం ఆపి బ్యాటరీ తీయించేయాలి. అక్కడ బేరాలు కుదరవు.

ర్యామ్ దగ్గరే ఇప్పుడు అసలు చిక్కు. విండోస్ 10కి మంగళం పాడిన ఆ అక్టోబరు 14నే, ఢిల్లీలో గూగుల్ విశాఖపట్నానికి ఏఐ హబ్ ప్రకటించింది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు. అందరూ చప్పట్లు కొట్టారు, కొట్టాల్సిందే. అయితే ప్రపంచంలో మెమరీ చిప్పుల్లో అధికభాగం తయారుచేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ మూడే. ఏఐ డేటా సెంటర్లు ఎంత ధరైనా పెట్టి కొనేస్తుంటే అవి అటే మొగ్గాయి. మామూలు ర్యామ్ ధరలు 2025 చివర్లో భగ్గుమన్నాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ బ్రాండునే వదిలేస్తున్నట్టు చెప్పింది. పాత లాప్‌టాప్‌లో ఇంకో 8 జీబీ వేయించుకుందామనుకునే మధ్యతరగతి మనిషి ఏళ్ల తరబడి నమ్ముకున్న పేరది.

మరమ్మతుల విషయంలో కేంద్ర ప్రభుత్వం ఏం చేస్తోందంటే, కమిటీలు వేస్తోంది. మరమ్మతు హక్కు మీద 2022 జులైలో ఒకటి వేశారు, ఆ డిసెంబరులో పోర్టల్ పెట్టారు, మరమ్మతు సూచీ మీద ఇంకో కమిటీ నివేదిక 2025లో చేతికొచ్చింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచే లాప్‌టాప్ పక్కన పదికి ఇన్ని మార్కులని రాసి పెట్టాలి, విప్పి బాగుచేయడం ఎంత తేలికో దాన్నిబట్టి. ఇక్కడ కొత్తది కొన్నా జీఎస్టీ 18 శాతమే, పాతది బాగుచేయించినా 18 శాతమే. ఆస్ట్రియా 2022లో ఇలాంటి మరమ్మతు బిల్లులో సగం, 200 యూరోల దాకా, తనే భరించే పథకం పెట్టింది.

ఇక నా పాత గొడవ ఒకటి, మళ్లీ. తెలుగు డీటీపీ సెంటర్లలో ఇదే కథ తిరగబడి నడుస్తోంది. అక్కడ నిజంగా మార్చాల్సిన దాన్ని ఎవరూ ముట్టుకోరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని వదిలేసింది 2004లో. అయినా పెళ్లి శుభలేఖ మొదలు కవితా సంపుటి దాకా చాలాచోట్ల అందులోనే, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే. దానికోసం ఎక్స్‌పీ, విండోస్ 7 మిషన్లని కళ్లల్లో వత్తులేసుకుని కాపాడుకుంటున్నారు. రచయిత ఫోన్లో యూనికోడ్‌లో కొట్టి పంపిన కథని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు. వత్తులు చెదురుతాయి, పొల్లులు ఎగిరిపోతాయి, రచయిత మళ్లీ ప్రూఫ్ దిద్దుకుంటాడు. రేపు ఈ-బుక్ చేద్దామంటే వెనక్కి యూనికోడ్‌లోకి, మళ్లీ కొత్త తప్పులు. అలా తయారైన పీడీఎఫ్‌లో ‘గురజాడ’ అని వెతికితే ఒక్కచోటా దొరకదు. కంటికి కనిపించేది తెలుగు, అడుగున ఉన్నవి ఇంగ్లిష్ గుర్తులు.

తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. సూరన్న, మల్లన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ పేర్లతో ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇన్‌డిజైన్ ఇప్పుడు వత్తుల్ని చక్కగా పేరుస్తుంది. డబ్బు పెట్టలేనివాళ్లకి 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 ఉంది, అది లినక్స్ వేసిన పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. అతని వేళ్లకి ఆ కీబోర్డే అలవాటు, పేజీకి ఇంతని వచ్చే కూలీలో కొత్తది నేర్చుకునే తీరిక ఎక్కడిది? విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ప్రచురణ విభాగాలు యూనికోడ్ ఫైలు ఇస్తేనే బిల్లు పాసు చేస్తామని ఒక్క ఉత్తర్వు ఇస్తే పరిస్థితి మారుతుంది. ఆ ఉత్తర్వు ఇవ్వాలి.

పాఠకులు మాత్రం నెలవాయిదా కాగితం మీద సంతకం పెట్టేముందు టాస్క్ మేనేజర్‌లో ఆ డిస్క్ గడి చూడండి. ర్యామ్‌కి స్లాట్ ఉందో లేదో మెకానిక్‌ని అడగండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే, విండోస్ 10 అప్‌డేట్లకి పేరు నమోదు చేసుకునే ‘ఎన్‌రోల్ నౌ’ అన్న లింకు అక్కడే ఉంటుంది.