చక్కెర లేదు కాబట్టి మంచిదేనా?

ట్యూషన్ అయ్యాక బేకరీ ముందు నిలబడి పిల్లలు ఎగ్ పఫ్‌తో డైట్ కోలా తాగుతుంటే, చక్కెర లేదు కదా అని మనం ఊరుకుంటున్నాం. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అది తగ్గడం మేలే, కాదనను. కానీ ఆ డబ్బా వచ్చి కూర్చున్నది పాలగ్లాసు, మజ్జిగ ఉండాల్సిన చోట. ఎముకలు ఎదిగే వయసులో కాల్షియం, మాంసకృత్తులు రెండూ పోతున్నాయి. నాలుక డైట్ కోలాలోని కృత్రిమమైన అతి తీపికి అలవాటుపడితే జామపండు రుచించడమూ కష్టమే. మధుమేహం లేనివారెవరూ బరువు తగ్గేందుకని ఈ కృత్రిమ తీపిని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే సూచించింది. అమ్మలారా, నాన్నలారా, రేపు బడిసంచిలో కాస్త ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసా పెట్టి పంపండి.