ఊరు మారితే హక్కులు వెంట రావాలి

గత రంజాన్ నెలలో నంద్యాలలోని మా చెల్లెలి ఇంట ఇఫ్తార్ ముగిసిన తరువాత పెద్దలందరం ఒక విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. మా బావ కార్ల ఏసీ మెకానిక్. హైదరాబాదులో ఆయన పాత మిత్రుడొకరు పెద్ద షెడ్డు తెరిచాడు. నెలకు 35 వేలిస్తాను, కుటుంబంతో సహా వచ్చేయమన్నాడు. మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతోంది. మేనల్లుడు ఇంటర్ పూర్తిచేసి ఏం చదవాలో తేలక ఇంట్లో ఉన్నాడు. “భయ్యా, నువ్వు ఇరవై ఏళ్ల కిందటే ఊరు విడిచి వెళ్లినవాడివి. మమ్మల్ని రమ్మంటావా, వద్దంటావా?” అని చెల్లెలు సూటిగా అడిగింది.

ఆ రాత్రి నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రశ్న ఒక్క మా ఇంటిది కాదు. కడప, కర్నూలు, ఆదోని, మదనపల్లె, మహబూబ్‌నగర్, నిజామాబాదు, ఏ ఊరి ముస్లిం పేటకు వెళ్లినా ఏదో ఒక ఇంట్లో ఇదే చర్చ జరుగుతూ ఉంటుంది. నగరం మనకు కొత్తదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతం కాగా ముస్లింలలో వారు దాదాపు 40 శాతం. భూమి లేని కుటుంబం చేతిపని మీద బతుకుతుంది. చేతిపనికి గిరాకీ బజారు ఉన్నచోటే ఉంటుంది. కనుక ఊరు మారాలా వద్దా అన్న ఆలోచన మన సమాజానికి నిత్యజీవిత సమస్య. దీన్ని ఆశతోనో భయంతోనో తేల్చుకోకుండా రెండువైపులా బేరీజు వేసి చూడాలి.

నగరం ఇచ్చేది

ముందు లాభాలే చెప్పుకుందాం. నగరంలో ఒక యజమాని పని మాన్పిస్తే మరొక యజమాని దొరుకుతాడు. చిన్న పట్టణంలో ఆ అవకాశం లేదు. మా బావ పనిచేసే షాపు మూతపడితే నంద్యాలలో ఆయన నైపుణ్యానికి తగిన షాపు మరొకటి ఉందో లేదో సందేహమే. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు, నర్సింగ్ కళాశాలలు ఉన్నాయి. ఇంటర్ తరువాత దారి తోచని కుర్రవాడికి నాలుగు దారులు కనబడతాయి.

మరొక లాభం ఉంది. దాని గురించి మనం బయటకు తక్కువగా మాట్లాడుకుంటాం. హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతం పైచిలుకు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయిన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 7 శాతం పైన మాత్రమే. పదిమందిలో ఒక్కడిగా ఉండడానికీ, పదిమందిలో నలుగురిలో ఒకడిగా ఉండడానికీ మనసు అనుభవించే తేడా ఉంది. బుర్ఖాతో బస్సెక్కిన అమ్మాయిని ఎవరూ వింతగా చూడరు. పండుగ సెలవు అడగడానికి సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. ఈ నిశ్చింతకు ధర కట్టలేం.

కాగితం మీద వేసిన లెక్క

మరునాడు ఉదయం చెల్లెలూ నేనూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. బావకు ఇప్పుడు నంద్యాలలో నెలకు 22 వేలు వస్తోంది. ఇల్లు సొంతం. చెల్లెలు ఇంట్లో బట్టలు కుట్టి నెలకు సుమారు 6 వేలు సంపాదిస్తోంది. మొత్తం 28 వేలు. హైదరాబాదులో వచ్చే 35 వేలలో ఇంటి అద్దెకు 12 వేలు, రాకపోకలకు 3 వేలు పోగా మిగిలేది 20 వేలు. “అంటే ఎనిమిది వేలు తగ్గుతుందన్నమాట” అంది చెల్లెలు. బావ ముఖం చిన్నబోయింది. 35 అంకెను చూసి సంబరపడినవాళ్లెవరూ చెల్లెలి 6 వేలను లెక్కలోకి తీసుకోలేదు.

మన ఇళ్లలో వలస లెక్కలు ఇలాగే తప్పుతాయి. మగవాడి జీతం పెరగడం కళ్లకు కనబడుతుంది. ఆడవారి ఆదాయం పోవడం కనబడదు. చెల్లెలికి ఆ వీధిలో పదిహేనేళ్లుగా ఖాతాలున్నాయి. ఎవరి కొలతలేమిటో, ఎవరు అప్పు తీరుస్తారో, ఎవరు తీర్చరో ఆమెకు తెలుసు. ఆ పరిచయమే ఆమె పెట్టుబడి. లారీలో కుట్టుమిషను ఎక్కించవచ్చు గాని ఆ నమ్మకాన్ని ఎక్కించలేం. కొత్త కాలనీలో మళ్లీ మొదటి గిరాకీ కోసం ఎదురుచూడాలి. జ్వరం వస్తే పిల్లలను చూసే పక్కింటి ఖాలా, చీటీల మీద నడిచే చేబదుళ్లు, పండుగకు సరుకు అరువిచ్చే దుకాణం, ఇవన్నీ డబ్బుగా లెక్కకు రాకపోయినా ఇంటిని నిలబెట్టేవే.

ఇల్లు దొరకడమనే పరీక్ష

నేను హైదరాబాదు వచ్చిన కొత్తలో ఇంటి కోసం రెండు నెలలు తిరిగాను. మా ప్రాంతంలో బాడుగ అంటాం, అక్కడ కిరాయి అంటారు. మాట మారినంత సులభంగా ఇల్లు దొరకలేదు. ఫోనులో ఇల్లు ఖాళీగానే ఉండేది. పేరు చెప్పగానే “ఇప్పుడే ఎవరికో మాటిచ్చామండీ” అనేవారు. ఒక యజమాని మాత్రం దాపరికం లేకుండా, తనకు అభ్యంతరం లేదు గాని పక్కవాళ్లు ఒప్పుకోరని చెప్పాడు. చివరకు పనిచేసే చోటికి గంటన్నర దూరంలో మనవాళ్ల పేటలోనే ఇల్లు తీసుకున్నాను. నేటికీ అక్కడే ఉన్నాను.

దీనికి చట్టంలో పరిష్కారం ఉందా అని అప్పట్లో విచారించాను. రాజ్యాంగం 15వ అధికరణం మతం కారణంగా వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని శాసిస్తుంది. దుకాణాలు, హోటళ్ల వంటి బహిరంగ స్థలాల్లో ప్రవేశానికీ రక్షణ కల్పిస్తుంది. కాని ఒక ప్రైవేటు వ్యక్తి తన ఇంటిని మతం చూసి అద్దెకు నిరాకరిస్తే శిక్షించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. సహకార గృహ సంఘాలు తమ సభ్యత్వాన్ని ఒక సమాజానికే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ గృహ సంఘం కేసులో తీర్పు ఇచ్చింది. కనుక ఊరు మారే ముస్లింకు నగరమంతా తెరిచి ఉండదు. అతనికి దొరికేది నగరంలోని కొన్ని పేటలే.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతిని స్పష్టంగా నమోదు చేసింది. భయం వల్ల, వివక్ష వల్ల ముస్లింలు ఒకచోట చేరుతున్నారనీ, అలా చేరిన చోట్లకు నీరు, పారిశుద్ధ్యం, పాఠశాల, బ్యాంకు వంటి సదుపాయాలు సరిగా అందడం లేదనీ చెప్పింది. హైదరాబాదులో దీనికి ఉదాహరణ కావాలంటే మెట్రోను చూడవచ్చు. 2017 నవంబరులో నగరంలో మెట్రో నడవడం మొదలైంది. పాతనగరం మీదుగా ఫలక్‌నుమా వరకు వెళ్లాల్సిన భాగానికి మాత్రం 2024 మార్చిలో గాని శంకుస్థాపన జరగలేదు. పాతబస్తీ నుంచి మాదాపూరు కొలువుకు వెళ్లే యువకుడు ఆ జాప్యానికి రోజూ తన సమయంతో మూల్యం చెల్లించాడు. పేటలో దొరికే నిశ్చింతా నిజమే, పేటలో చిక్కుకునే ప్రమాదమూ నిజమే. వలస వెళ్లేవారు ఈ రెండూ ఎరిగి వెళ్లాలి.

సరిహద్దు దాటితే

మా చెల్లెలి కుటుంబం విషయంలో మరో చిక్కు ఉంది. నంద్యాల ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, హైదరాబాదు తెలంగాణలో ఉంది. 2014కు ముందు ఇది జిల్లా మారడం. ఇప్పుడు రాష్ట్రం మారడం.

వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాల్లో స్థానికుడిగా పరిగణించాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మేనకోడలు ఎనిమిదో తరగతి పూర్తికాగానే హైదరాబాదులో చేరితే ఆ నాలుగేళ్లు సరిపోతాయి. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ లెక్క తప్పుతుంది. ఉద్యోగ నియామకాల దగ్గర తెలంగాణ ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తుంది. ఆ ఏడేళ్లూ ఆమె చదివింది నంద్యాలలో. అంటే చదువుకు స్థానికురాలు, కొలువుకు స్థానికేతరురాలు. పెద్దలు చేసిన ప్రయాణానికి పదేళ్ల తరువాత ఆ పిల్ల మూల్యం చెల్లించవలసి వస్తుంది.

రిజర్వేషన్ సంగతీ ఇంతే. 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల రక్షణలో రెండు రాష్ట్రాల్లోనూ అమలవుతోంది. కాని ఒక రాష్ట్రంలో పొందిన ధ్రువపత్రం మరొక రాష్ట్రంలో తనంతట తాను చెల్లదు. చట్టం పుట్టినప్పుడు ఒకటిగా ఉన్న ప్రజలు నేడు రెండు జాబితాల కింద ఉన్నారు. రేషన్ ఒక్కటే కొంత నయం. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో మొట్టమొదట మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కింది బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు. రాష్ట్రాలు సొంతంగా ఇచ్చే కార్డులకు, పింఛన్లకు ఆ సౌలభ్యం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ఓటు. 2025లో బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చెప్పిన కారణాల్లో శాశ్వతంగా వలస వెళ్లారన్నది ఒకటి. కొత్త ఊరిలో నమోదు కాక, పాత ఊరిలో తొలగిపోతే మనిషి కాగితం మీద ఎక్కడా లేనివాడవుతాడు. ఇల్లు మారిన వెంటనే ఫారం-8 నింపి చిరునామా మార్పించుకోవడం సామాను సర్దుకోవడమంత అవసరం.

ఎవరు ఏం చేయాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఊరు మారడం పౌరుని ఇష్టం. దేశంలో ఎక్కడైనా సంచరించి, నివసించే హక్కును 19వ అధికరణం ఇచ్చింది. కాని ఇల్లు దొరకని చోట, ధ్రువపత్రం చెల్లని చోట ఆ హక్కు సగమే మిగులుతుంది. కనుక మన డిమాండ్లు కూడా వలస కోణం నుంచి మారాలి.

మొదటిది, గృహవసతిలో వివక్షను నిషేధించే చట్టం. సచార్ నివేదిక తరువాత సమాన అవకాశాల కమిషన్‌పై మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లోనే నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్ నేటికీ రాలేదు. కేంద్రం కదిలేదాకా ఆగకుండా రెండు రాష్ట్రాల శాసనసభలూ అద్దె ఇళ్ల విషయంలో చొరవ తీసుకోవాలని మనం అడగాలి. రెండవది, ఒకప్పుడు ఒకే రాష్ట్రంగా ఉన్న ఈ రెండు రాష్ట్రాలు బీసీ-ఈ ధ్రువపత్రాలను పరస్పరం గుర్తించే ఒప్పందానికి రావాలి. మూడవది, వెళ్లడం తప్పనిసరి కాని పరిస్థితి జిల్లాల్లోనే కల్పించాలి. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 204కు చేరాయి. పిల్లల చదువు కోసం కుటుంబమంతా తరలనవసరం లేదని అవి చూపాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్థాయి కృషి జరగాలి.

మన సమాజం చేయవలసిందీ ఉంది. నగరానికి కొత్తగా వచ్చిన కుటుంబానికి మసీదు తలుపు తెరిచే ఉంటుంది. కాని మసీదు కమిటీలు అంతటితో ఆగుతున్నాయి. ఓటు మార్పు, పాఠశాల ప్రవేశం, అద్దె ఒప్పందం, ఆసుపత్రి కార్డు, వీటిలో సాయపడేందుకు శుక్రవారం నమాజు తరువాత గంటసేపు కూర్చునే ఇద్దరు చదువుకున్న యువకులు చాలు. చదువుకునే ఆడపిల్లలకు హాస్టళ్లు కావాలి. ఆఖరుకు ఖబరస్తాన్ సంగతి కూడా మాట్లాడుకోవాలి. కొత్తగా వచ్చినవాడి ఇంట్లో మరణం సంభవిస్తే ఆరడుగుల నేల కోసం ఎవరెవరినో బతిమాలుకోవలసి రావడం, డబ్బు ఇచ్చుకోవలసి రావడం మనకు తలవంపులు. ఆ నేల వక్ఫ్ భూమి. దాని మీద పాతకాపులకు ఎంత హక్కుందో నిన్న వచ్చినవాడికీ అంతే ఉంది.

చెల్లెలికి చెప్పిన మాట

పండుగ మరునాడు చెల్లెలికి నా జవాబు చెప్పాను. ఇల్లు అమ్మవద్దు. బావ ముందుగా వెళ్లి మూడు నెలలు మా ఇంట్లో ఉండి పనిచేయాలి. 35 వేలు మాట మీద ఉందో, చేతికి వస్తోందో తెలుస్తుంది. అల్లుడిని అదే సమయంలో పాలిటెక్నిక్‌కో ఐటీఐకో దరఖాస్తు చేయించాలి. ఆమె తన కుట్టుపనిని ఆపకూడదు. కొత్త పేటలో గిరాకీ ఎలా ఉందో ఒకసారి వచ్చి తానే చూడాలి. ఇదంతా మేనకోడలు ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా తేలాలి, ఎందుకంటే ఈ ఇంట్లో వాయిదా వేయడానికి వీలులేని గడువు ఆ పిల్లదే.

చెల్లెలు అంతా విని, “నేను వచ్చి చూసిన తరువాతే ఇల్లు మాట్లాడండి” అంది. వచ్చే నెల వస్తోంది. మా వీధిలో ఖాళీగా ఉన్న రెండు గదుల ఇల్లు చూపిస్తాను. మెయిన్ రోడ్డు మీద, షెడ్డుకు దగ్గరలో, మరో ఇల్లు కూడా ఖాళీగా ఉంది. ఆ యజమానికి కూడా ఫోను చేస్తాను. పేరు ముందే చెబుతాను.