తేలికైనది కాదు, తగినది కావాలి

విద్యార్థులారా! "మా బుల్లి కంప్యూటర్‌కు అన్నింటికంటే తేలికైన లినక్స్ ఏది?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్ననే ముందు సరిదిద్దుకోవాలని నా అభిప్రాయం.

మా బౌద్ధనగర్ పక్కనే తార్నాక. అక్కడి నుంచి హబ్సిగూడ, నాచారం దాటి వెళితే 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. ఆ సంస్థ తయారుచేసిన టి.డి.సి.-12 మన దేశపు తొలి మినీ కంప్యూటర్లలో ఒకటి. దాని మెమరీ కొన్ని వేల పదాలే. ఒక్కో పదానికి 12 బిట్లు. ఆ కొద్దిపాటి చోటులోనే ప్రోగ్రాములు ఇమడాలి. కనుక ఉన్నంతలో పని జరుపుకోవడం మనకు కొత్త విద్య కాదు.

2012లో వచ్చిన తొలి రాస్ప్‌బెరీ పై అరచేతిలో ఇమిడేది. మెమరీ 256 మెగాబైట్లు. విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు, అంటే అంతకు 16 రెట్లు అడుగుతుంది. చిన్న యంత్రాలకు లినక్స్ నప్పడానికి కారణం ఇదే.

మరి లినక్స్‌లో బరువెక్కడుంది? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ నిజానికి కెర్నెల్ మాత్రమే. దానికి డెస్క్‌టాప్‌నూ, ప్రోగ్రాములనూ చేర్చి కట్టిన మూటే డిస్ట్రిబ్యూషన్. మూటలో ఏముందన్నదాన్ని బట్టే బరువు. గ్నోమ్ డెస్క్‌టాప్ కన్నా ఎక్స్‌ఎఫ్‌సిఇ, ఎల్‌ఎక్స్‌క్యూటి తేలిక. అయితే ఎంత తేలికైనది ఎంచుకున్నా, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే మిగిల్చిన మెమరీ కాస్తా హరించుకుపోతుంది!

అందువల్ల మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: మన ప్రాసెసర్‌కు అది సరిపడుతుందా? 2015 నాటి పై జీరోలో రాస్ప్‌బెరీ పై ఓఎస్ నడుస్తుంది, ఉబుంటు నడవదు. ఆ ప్రాసెసర్ పాత తరానిది కావడమే కారణం.

రెండు: భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయా? 2025లో వెలువడిన డెబియన్ 13ను పాత 32 బిట్ల పి.సి.ల్లో నేరుగా ఇన్‌స్టాల్ చేయలేం. సవరణలు ఆగిపోయినదాన్ని ఇంటర్నెట్‌కు కలపడం తాళం లేని ఇల్లు వదిలి ఊరెళ్లడమే.

మూడు: తెలుగు సరిగా కనిపిస్తుందా? 'స్త్రీ' అన్న మాటలో ఒత్తులు విడిపోతే, ఆ తేలికతనం మనకెందుకు? హైదరాబాదులోని స్వేచ్ఛ కార్యకర్తలు డెబియన్ ఆధారంగా తెలుగు డిస్ట్రిబ్యూషన్‌ను రూపొందించింది ఈ లోటు తీర్చడానికే.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన పాఠశాలల్లోని పాత కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేయడం తొందరపాటు. వాటిలో చాలావాటికి లినక్స్‌తో మరికొన్నేళ్ల ఆయుష్షు ఉంది.

ఎవరి మాటా, నా మాటతో సహా, గుడ్డిగా నమ్మకండి. టెర్మినల్‌లో 'ఫ్రీ' అనే ఆదేశమిచ్చి, బ్రౌజర్ తెరవక ముందూ, తెరిచాకా ఎంత మెమరీ ఖర్చయిందో పట్టిక వేయండి. రెండు డిస్ట్రిబ్యూషన్లను అలా పోల్చి చూడండి. మీ యంత్రానికి ఏది తగినదో ఆ అంకెలే చెబుతాయి.