యాప్‌ పేరు కాదు... బండి నంబరు!

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మంగళగిరిని ఆనుకునే పోతుంది. ఎయిమ్స్‌కి వచ్చే రోగులు, పానకాల స్వామి కొండకి వచ్చే భక్తులు, మగ్గం దిగి టీకి బయల్దేరే నేతన్నలు... అందరూ ఎక్కడో ఒకచోట రోడ్డు దాటాల్సినవాళ్లే. ఇప్పుడు ఫోన్లో బుక్‌ చేస్తే వచ్చే కార్లు, ఆటోలు, బైకులు కూడా తిరుగుతున్నాయి. డ్రైవరు చూపు సగం రోడ్డు మీద, సగం హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌ మీద. అలాంటి బండి ఒకటి నడిచిపోయే మనిషిని గుద్దిందనుకోండి. పరిహారం ఎవరిని అడగాలి? డ్రైవర్నా, ఓనర్నా, యాప్‌ కంపెనీనా?

చాలామంది ముందు కంపెనీ మీద పడతారు. పెద్ద పేరు అదే కదా! కానీ 'డ్రైవర్నీ ప్రయాణికుణ్నీ కలపడమే మా పని, బండి మాది కాదు' అన్నది ఈ కంపెనీల పాత వాదన. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రయాణికుడికి కనీసం 5 లక్షల బీమా, డ్రైవరుకి 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్‌ బీమా ఉండాలని రాశారు. అవన్నీ బండిలో ఉన్నవాళ్లకే. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామన్నా, బండి బుక్‌ చేసుకోని మనిషి వినియోగదారుడు కాడు.

మరి దారేది? బండికి తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్‌ పార్టీ బీమా. ఆ థర్డ్‌ పార్టీ అంటే రోడ్డున పోయే ఈ మనిషే. 2013 డిసెంబరు 31 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్డు దాటుతున్న ఆరేళ్ల పాప ఊబర్‌ డ్రైవరు కారు కింద పడి చనిపోయింది. బండిలో అప్పుడు ప్రయాణికులెవరూ లేరని కంపెనీ తప్పుకోబోయింది. ఆ గొడవ తర్వాతే 2014లో కాలిఫోర్నియా, యాప్‌ తెరిచి బేరం కోసం చూస్తున్న సమయానికీ బీమా ఉండాలని చట్టం చేసింది. మన దగ్గర ఆ పేచీ లేదు. బీమా బండిని పట్టుకుని ఉంటుంది, యాప్‌ని కాదు. ప్రాణానికీ గాయానికీ ట్రైబ్యునల్‌ ఎంత అంటే అంత కట్టాల్సిందే. అందుకే పక్కనున్నవాళ్లు చేయాల్సిన మొదటి పని 108కి ఫోన్‌, రెండోది నంబరు ప్లేటు ఫొటో. ఆ నంబరుతో ఎంపరివాహన్‌లో చూస్తే బీమా ఉందో లేదో తెలుస్తుంది.

ఆసుపత్రి ఖర్చుకి భయపడి ఇంటికి తీసుకుపోయేవాళ్లున్నారు. 2025 మేలో వచ్చిన నగదురహిత చికిత్స పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులదాకా లక్షన్నర వరకు వైద్యం ఉచితం.

పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రైబ్యునల్‌కి పంపాలి. దాన్నే దరఖాస్తుగా తీసుకోవచ్చని చట్టంలో ఉన్నా, విడిగా పిటిషన్‌ వేసుకోవడమే మేలు. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితుడు ఉండే ప్రాంతంలోనే వేసుకోవచ్చు. మంగళగిరి వాళ్లు గుంటూరు వెళ్తే చాలు.

ఎంత వస్తుందన్నది అసలు ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌ కింద తప్పెవరిదని నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరిగినా తీవ్ర గాయమే. అయితే ఒక మెలిక ఉంది. ఆ డబ్బు ఒప్పుకుని తీసేసుకుంటే, ఎక్కువ కోరుతూ 166 కింద వేసిన కేసు చెల్లదు. ఇక్కడే లెక్క వేసుకోవాలి. 42 ఏళ్ల నేతన్న, నెలకి 12 వేల సంపాదన అనుకుందాం. గుంట మగ్గం కాళ్లతో తొక్కందే నడవదు. మోకాలు దెబ్బతిని డాక్టరు 30 శాతం వైకల్యం అని రాశాడు. ఆ వయసుకి సుప్రీంకోర్టు ఖాయం చేసిన గుణకం 14. ఏడాది సంపాదన లక్షా 44 వేలని 14తో హెచ్చవేస్తే 20 లక్షల 16 వేలు. అందులో 30 శాతమైతే 6 లక్షల చిల్లర. కానీ చూడాల్సింది ఒంటి వైకల్యం కాదు, సంపాదన ఎంత పోయిందన్నదని 2010లో రాజ్‌కుమార్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుమస్తాకి 30 శాతమైన దెబ్బ నేతన్నకి నూటికి నూరు కావచ్చు. ఇది అడిగితేనే వస్తుంది. సహకార సంఘం పుస్తకం, మాస్టర్‌ వీవర్‌ ఇచ్చిన కూలీ చీటీలు, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకోవాలి. డివైడర్‌ దూకి అడ్డం పడ్డాడని తేలితే కొంత కోత పడుతుంది, అంతమాత్రాన కేసు పోదు.

బీమా కంపెనీ సాకులూ తెలిసుండాలి. డ్రైవరుకి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు లేదన్న మాట, ఏడున్నర టన్నుల లోపు బళ్ల విషయంలో 2024 నవంబరులో వచ్చిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో చాలావరకు వీగిపోయింది. తెల్ల ప్లేటు సొంత బండిని కిరాయికి తిప్పారన్నది గట్టి అభ్యంతరమే. పర్మిట్‌ లేని లారీ కేసులో 2018లో సుప్రీంకోర్టు, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమన్న ఉత్తర్వునే నిలబెట్టింది. బాధితుడి వకీలు అడగాల్సిందీ అదే.

బండి ఆగకుండా పోయి, ఎవరిదో తేలకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దరఖాస్తు రెవెన్యూ అధికారికి, మంజూరు కలెక్టరుది.

2022 ఏప్రిల్‌ నుంచి అమలైన సవరణ ప్రకారం పిటిషన్‌కి గడువు ఆరు నెలలు. గడువు దాటిందన్న కారణంతో కొట్టేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది గానీ, తుది తీర్పు ఎలా ఉంటుందోనని ఎదురుచూసే బదులు ఆరు నెలల్లోపే వేయడం క్షేమం. వకీలుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా వకీలుని పెడతారు. ఫోన్‌ 15100. లోక్‌ అదాలత్‌లో రాజీ అయితే డబ్బు త్వరగా చేతికొస్తుంది. కాకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. ఆపరేషన్లు ఇంకా మిగిలి ఉంటే, డాక్టరు చేత వాటి ఖర్చు కూడా రాయించుకున్నాకే ఆ బల్ల ముందు కూర్చోవాలి.