'అండి' అందనివారు

కోనసీమ మాటలో 'అండి' లేని వాక్యం అరుదు. గౌతమీ వశిష్ఠల నడుమ ఉన్న ఈ నేల మీద అడిగిన ప్రశ్నకు జవాబు 'ఆయ్' అని మొదలై 'అండి'తో ముగుస్తుంది. పొరుగు జిల్లాలవారు ఈ యాసకు ముచ్చటపడతారు, సినిమాలవారు దానితో నవ్విస్తారు. మర్యాదకు పేరుపడిన ఇటువంటి ప్రాంతంలో తరతరాలుగా జీవిస్తున్న మనం ఒక ప్రశ్న వేసుకోవలసి ఉంది. ఆ 'అండి' అందరికీ అందుతున్నదా?

అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఏదైనా కార్యాలయపు కిటికీ దగ్గర అరగంట నిలబడితే జవాబు తెలిసిపోతుంది. ఇస్త్రీ చొక్కాతో వచ్చిన ఆసామికి 'రండి, కూర్చోండి' అన్న పలకరింపు దక్కుతుంది. ఆయన వెనుకనే వచ్చిన కొబ్బరి దింపు కార్మికుడికి 'ఏంటి, ఏం కావాలి?' అన్న కసురు దక్కుతుంది. బుర్ఖా వేసుకున్న వృద్ధురాలు తన పేరు చెప్పగానే 'మీరు' కాస్తా 'నువ్వు' అవుతుంది. ఆ పేరును తప్పుగా పలికి పక్కవారితో నవ్వుకోవడంలో అక్కడున్న ఎవరికీ తప్పు కనిపించదు. 'సాయిబు' అన్న మాటనే తీసుకోండి. దాని మూలమైన 'సాహిబ్' అన్న అరబీ పదానికి సహచరుడు, యజమాని అన్న గౌరవార్థాలున్నాయి. మన ఊళ్లలో 'సాయిబుగారు' అని నోరారా పిలిచే పెద్దలు నేటికీ ఉన్నారు, 'ఒరే సాయిబూ' అని పిలిచేవారూ ఉన్నారు. పదం ఒకటే. ముందు చేరే 'ఒరే', వెనుక చేరే 'గారు' ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయిస్తున్నాయి.

ఇళ్ల స్థలాలు, ఉపకార వేతనాలు, వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు వంటి పెద్ద సమస్యలు ఉండగా ఒక కసురు గురించి ఇంత చర్చ అవసరమా అని కొందరు సోదరులు అడగవచ్చు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికను మనం విద్య, ఉద్యోగాలు, బ్యాంకు రుణాల అంకెల కోసం పదేపదే ఉటంకిస్తాం. ఆ అంకెలకు ముందే, ప్రజల మనోభావాలను చర్చించిన అధ్యాయంలో, బజారులో, ఆసుపత్రిలో, పాఠశాలలో, బస్సులో తమతో అమర్యాదగా ప్రవర్తిస్తున్నారని బుర్ఖా ధరించే స్త్రీలు చేసిన ఫిర్యాదును ఆ కమిటీ నమోదు చేసింది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఒకసారి కసురు తిన్న గర్భిణి మరుసటి నెల పరీక్షకు వెళ్లడానికి వెనుకాడుతుంది. పేరు మీద ఎగతాళికి గురైన పిల్లవాడు తరగతిలో చెయ్యి ఎత్తడం మానేస్తాడు. దరఖాస్తు తీసుకుని వెళ్లిన తండ్రి, విసిరేసిన కాగితాన్ని ఏరుకుని ఇంటికి వచ్చి 'మనకు రాదులే' అంటాడు. తరువాత ఎప్పుడో వెలువడే నివేదికలలో వీరంతా అంకెలవుతారు.

అమర్యాదకున్న అసలు బలం దాని చిన్నతనంలోనే ఉంది. ఉద్యోగ స్థలాలలోని మోటు ప్రవర్తనపై పరిశోధన చేసిన లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ 1999లో దానికి ఇచ్చిన నిర్వచనంలో రెండు లక్షణాలు ముఖ్యమైనవి. దాని తీవ్రత తక్కువ, దాని వెనుక హాని చేసే ఉద్దేశం ఉన్నదో లేదో స్పష్టంగా తేలదు. కొట్టినవాడిని కొట్టాడని చెప్పవచ్చు. సలాముకు జవాబు ఇవ్వకుండా తల తిప్పుకున్నవాడి గురించి ఎవరికి ఏమని చెప్పాలి? 'నేను చూడలేదు' అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. మైనారిటీ మనిషికి దీనిపై మరో బరువు పడుతుంది. అతడు అందరితోనూ ఇలాగే మాట్లాడతాడా, నా పేరు విన్నాకే ఇలా మాట్లాడాడా అన్న సందేహంతో ఆ రాత్రి నిద్ర పట్టదు. అవమానం నిమిషంలో ముగుస్తుంది, ఆ సందేహం రోజుల తరబడి మిగులుతుంది.

చట్టం ఇక్కడ ఎంతవరకు వస్తుందో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తేటతెల్లం చేసింది. జార్ఖండ్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉర్దూ అనువాదకుడిగా పనిచేసే ఉద్యోగి, సమాచార హక్కు చట్టం కింద కోరిన పత్రాలను అందజేయడానికి వెళ్లినప్పుడు తనను 'మియా' అని, 'పాకిస్తానీ' అని దూషించారని ఫిర్యాదు చేశాడు. ఆ మాటలు సభ్యమైనవి కావని న్యాయస్థానం అన్నది. అయితే అవి మత మనోభావాలను గాయపరచిన నేరం కిందికి రావని తేల్చి కేసు కొట్టివేసింది. ఈ తీర్పును నిందించడం మా ఉద్దేశం కాదు. ప్రతి చులకన మాటకూ జైలు శిక్ష ఉంటే ఆ జైళ్లు ముందుగా ఎవరితో నిండుతాయో మనకు తెలియనిది కాదు. మనం గ్రహించవలసింది మరొకటి. డ్యూటీలో ఉన్న ఒక ఉద్యోగికి తగిలిన ఆ మాట అసభ్యమే కాని నేరం కాదని అత్యున్నత న్యాయస్థానం చెప్పిన తరువాత, ఆ అసభ్యతను అడ్డుకునే బాధ్యత సమాజం మీద పడుతుంది.

ఆ బాధ్యతను సమాజం వదిలేస్తే ఏమవుతుందో ఈ జిల్లా చూసింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించగా మే 24న అమలాపురం తగలబడింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు, బస్సులు అగ్నికి ఆహుతయ్యాయి. చివరికి ఆ పేరే నిలిచింది. రాజ్యాంగ నిర్మాత పేరును తమ జిల్లా పేరుగా పలకడానికి కొందరికి నోరు రాకపోవడం ఒక్క రోజులో పుట్టిన జబ్బు కాదు. టీ కొట్టు దగ్గర, పొలం గట్టున, బస్సులో, మనిషిని పేరుతో కాకుండా కులంతో పిలిచే అలవాటులోనే దాని వేళ్లున్నాయి. పదిమంది ఎదుట దళితుడిని కులం పేరుతో అవమానించడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా గుర్తించింది. ఆ రక్షణ ఎందుకు అవసరమైందో మన ఊళ్లను చూసినవారెవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. రోజూ పలికే చులకన మాటకూ, ఒకనాడు రగిలే మంటకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

అమర్యాద పల్లానికి పారే నీటి వంటిది. పైఅధికారి చేత మాటలు పడ్డ గుమాస్తా కిటికీ ముందు ఉన్నవారిని కసురుతాడు, కసురు తిన్నవాడు ఇంటికి వెళ్లి భార్య మీద విరుచుకుపడతాడు, ఆమె కోపం పిల్లవాడి వీపు మీద తేలుతుంది. క్రిస్టీన్ పోరత్, క్రిస్టీన్ పియర్సన్ 17 రంగాలకు చెందిన 800 మంది మేనేజర్లను, ఉద్యోగులను ప్రశ్నించి 2013లో వెల్లడించిన వివరాలు దీన్నే చెబుతున్నాయి. మోటు ప్రవర్తనకు గురైన వారిలో నూటికి 48 మంది కావాలనే పనిలో శ్రమ తగ్గించామన్నారు. 25 మంది ఆ కోపాన్ని తమ వద్దకు వచ్చిన కొనుగోలుదారుల మీద చూపామన్నారు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల వైద్యానికి చెందిన 24 బృందాలపై జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక నిపుణుడి చులకన మాటలు విన్న బృందాలు రోగనిర్ధారణలోనూ చికిత్సలోనూ వెనుకబడ్డాయి. అంటే మోటు మాట మనసును నొప్పించి ఊరుకోదు, ఉయ్యాలలోని బిడ్డ ప్రాణం దాకా వెళ్లగలదు. కనుక కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా, ఆసుపత్రి నర్సు, బస్సు కండక్టరు కూడా చాలాసార్లు ఎవరో ఒకరి చేత మాటలు పడినవారేనని మరువరాదు. వారిని శత్రువులుగా చూస్తే మన సమస్య తీరదు.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. ఒక సమూహం మరో సమూహాన్ని ఎగతాళి చేయరాదని, స్త్రీలు తోటి స్త్రీలను హేళన చేయరాదని, ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోరాదని దివ్య ఖుర్ఆన్ 49వ సూరా అల్ హుజురాత్ బోధిస్తున్నది. జుమా ప్రసంగాలలో ఈ ఆయతు వింటూనే ఉంటాం. అయినా నూర్‌బాషా, దూదేకుల సోదరులకు ఉర్దూ రాదని, వారి పేర్లు తెలుగులో ఉన్నాయని నవ్వే నోళ్లు మనలో లేవా? దూది ఏకి పదిమందికి పరుపులు కుట్టి ఇచ్చిన వృత్తి ఎప్పటి నుంచి వెక్కిరింత అయింది? 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ కల్పించిన బీసీ-ఈ జాబితాలో ఫకీరు, హజామ్ సమూహాలున్నాయి. ఆ రిజర్వేషన్‌ను కాపాడుకోవడానికి న్యాయస్థానాల మెట్లు ఎక్కుతున్న మనమే, కోపం వస్తే ఆ పేర్లనే తిట్లుగా వాడితే మన వాదనలో బలమేముంటుంది?

మసీదు కూడా కొందరికి పనిచేసే చోటు. ఇమామ్, ముఅజ్జిన్ జీతం మీద బతికేవారు. ఒక నిమిషం ఆలస్యమైనందుకు నమాజీలందరి ముందూ ముఅజ్జిన్‌ను గద్దించే కమిటీ పెద్దలు, తమ పిల్లలకు చదువు చెప్పే ఇమామ్‌ను సెలవు కోసం బతిమాలించుకునే పెద్దలు కొన్నిచోట్ల ఉన్నారు. దైవప్రవక్త (స) వద్ద పదేళ్లు సేవ చేసిన అనస్ (ర), ఆ కాలమంతటిలో ఒక్క విసుగు మాట కూడా వినలేదని చెప్పిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. పనివారితో యజమాని ఎలా మాట్లాడాలన్న దానికి ఇంతకు మించిన ప్రమాణం మనకు లేదు. అంధుడైన ఒక సహచరుడు మాట్లాడవచ్చిన వేళ ముఖం చిట్లించడం గురించి 80వ సూరా 'అబస' అవతరించిన సందర్భమూ మనకు తెలిసినదే. ఆ చిట్లింపు ఆ అంధుడికి కనిపించే అవకాశమే లేదు. ఎదుటివారికి తెలియని అనాదరణకు కూడా లెక్క ఉన్నదని నేర్పిన ధర్మం మనది.

గల్ఫ్ అనుభవం మరో పాఠం చెబుతుంది. కోనసీమ నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఖద్దామాలుగా వెళ్లిన స్త్రీలలో ముస్లింలూ ఉన్నారు, దళితులూ ఉన్నారు. కన్నబిడ్డలా చూసుకున్న యజమానుల గురించి చెప్పేవారున్నారు, ఐదు పూటలా నమాజు చేసే ఇంట్లోనే తిట్లూ దెబ్బలూ తిన్నామని కన్నీరు పెట్టుకునేవారున్నారు. మతం పేరు మర్యాదకు హామీ పత్రం కాదు. ఇంటి పనివారికి వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 2015లో చట్టం చేసింది. దాని అమలు గురించి మనం ఎన్నైనా విమర్శలు చేయవచ్చు. మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి వారపు సెలవు ఇస్తున్నామా, ఆమెను పేరుతో పిలుస్తున్నామా, ఆమె తాగడానికి వేరే గ్లాసు పెట్టామా అన్న ప్రశ్నలకు కూడా జవాబు చెప్పుకోవాలి.

కనుక మా సూచన రెండు వైపులా ఉంటుంది. బయట అవమానం ఎదురైనప్పుడు అరవడమూ వద్దు, మౌనంగా తిరిగి రావడమూ వద్దు. తేదీ, సమయం, కిటికీ లేదా బస్సు నంబరు, అన్న మాట యథాతథంగా ఆ రోజే రాసిపెట్టుకోవాలి. విధి నిర్వహణలో అమర్యాదగా ప్రవర్తించరాదని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 3ఎ నియమం స్పష్టంగా చెబుతున్నది. ఫిర్యాదులో ఆ నియమాన్ని పేర్కొనడం మన హక్కు. జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పింఛను, పట్టాల అర్జీలతో పాటు ఈ అర్జీలు కూడా పడాలి. ఉద్యోగ స్థలంలో స్త్రీలపై అసభ్య ప్రవర్తన విషయంలో 2013 చట్టం ఉన్నది. పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ, అంతకు తక్కువ మంది ఉన్నచోట, ఇంటి పనివారి విషయంలో, జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఫిర్యాదు తీసుకోవాలి. సాధారణంగా మూడు నెలలలోగా ఫిర్యాదు చేయాలన్న సంగతి మన ఆడపిల్లలకు తెలియాలి. అవమానం మనకు కాక మరొకరికి జరిగినప్పుడు, అది దళిత సోదరుడికైనా, ఒలుపు కార్మికుడికైనా, 'వారితో సరిగా మాట్లాడండి' అని పక్కనున్న మనం అనగలగాలి. ఆ ఒక్క మాటకు ఏ చట్టమూ అవసరం లేదు.

రెండవ వైపు మన గడప లోపల ఉంది. మసీదు కమిటీలు ఇమామ్, ముఅజ్జిన్‌ల పని గంటలు, సెలవులు, జీతం కాగితం మీద రాసుకోవాలి, తప్పు ఉంటే ఏకాంతంలో చెప్పాలి. దుకాణం నడిపే సోదరులు తమ కుర్రవాడిని కొనుగోలుదారుల ముందు తిట్టబోమని నిర్ణయించుకోవాలి. దూదేకుల అన్న మాటను వెక్కిరింతగా పలికిన పిల్లవాడిని తల్లి అక్కడికక్కడే ఆపాలి. ఎవరైనా సలాము చేస్తే అంతకంటే మంచి పలుకుతో, లేదా కనీసం అదే పలుకుతో బదులివ్వాలన్న ఆదేశాన్ని మనకంటే పెద్దవారి విషయంలో మనం ఎన్నడూ మరువం. మనకంటే చిన్నవారి విషయంలో గుర్తుంచుకుంటే చాలు.

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అన్నారు మన పెద్దలు. కోనసీమకు మంచి నోరు ఉన్నది. ఆ నోటి నుంచి వచ్చే 'అండి'ని ధనం చూసి, కులం చూసి, పేరు చూసి కొలిచి పోయడమే ఈ ఊళ్ల జబ్బు. కార్యాలయపు కిటికీ దగ్గర మన తల్లికి 'అండి' కావాలని అడిగే హక్కు మనకుంది. ఆ హక్కును నిలబెట్టుకోవాలంటే, మన గుమ్మం ముందు నిలబడ్డ పనిమనిషికి, దింపు కార్మికుడికి, దూదేకుల తాతకు అదే 'అండి' ఈ రోజే బాకీ తీర్చాలి.