చిన్న బాక్సర్ హెవీవెయిట్‌లోకి దిగాలా?

తక్కువ బరువున్న బాక్సర్ హెవీవెయిట్‌లోకి వెళ్లొచ్చా అని మా హాస్టల్లో వాదన నడుస్తోంది. వెళ్లొచ్చు అనే నేనంటాను. కానీ తొందరపడి కాదు.

ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌నే చూడండి. 2018లో క్రూజర్‌వెయిట్ టైటిళ్లన్నీ గెలిచాడు. ఆ విభాగంలో బరువు 91 కిలోలు దాటకూడదు. 2019లో హెవీవెయిట్‌కి మారాడు, కానీ వెంటనే టైటిల్ మీదకి ఎగబడలేదు. ఒళ్లు పెంచుకుంటూ ముందు రెండు ఫైట్లు ఆడాడు. ఆ తర్వాతే, 2021లో ఆంథోనీ జాషువాని ఓడించాడు. 2024 డిసెంబర్‌లో ఎదుట నిలబడ్డ టైసన్ ఫ్యూరీ అతనికన్నా దాదాపు 25 కిలోలు ఎక్కువ. అంటే ఒక బియ్యం బస్తా! అయినా కాళ్ల కదలికతో, 12 రౌండ్లూ తగ్గని దమ్ముతో ఉసిక్కే గెలిచాడు.

అలాగని బరువుదేముందిలే అనుకోకండి. పెద్దోడి గుద్దు ఒక్కటి సరిగ్గా తగిలితే తలకే ప్రమాదం. బరువు విభాగాలు పెట్టింది అందుకే.

మన ఆదివాసీ బిడ్డ, మణిపూర్ కోమ్ తెగకు చెందిన మేరీ కోమ్ సంగతి వేరు. 48 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ ఆమె. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు పెట్టింది మూడే విభాగాలు, అన్నిటికన్నా చిన్నది 51 కిలోలు. అందులోనే ఆడి కాంస్యం తెచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. 48 కిలోల విభాగం ఎందుకు పెట్టలేదని ఎంతమందిమి అడిగాం?

పై విభాగానికి వెళ్లడం బాక్సర్ ఇష్టంతో జరగాలి, గతిలేక కాదు. మీరేమంటారు?